హెల్మెట్ పెట్టుకోని మెకానిక్‌కు

అన్నా,

ఇంట్లో నీ సంవత్సరీకం జరుగుతుంటే నేను బండెక్కి వెళ్ళిపోయాను. నీ ఫొటోకు దండం పెట్టే ఓపిక నాకు లేదు. వదిన తిట్టింది, తిట్టనీ.

ప్రొద్దుటూరులో మన షాపుకు వచ్చిన ఒక పాత బండిని నేనే కొనుక్కున్నాను. ఇంజన్ మొత్తం విప్పి బిగించాను. ఇవాళ దాన్ని టెస్టింగుకు తీసుకుపోతుంటే పక్క షాపు ఖాదర్ మామ హెల్మెట్ తెచ్చి చేతిలో పెట్టాడు.

"పెట్టుకోప్పా. మీ అన్నకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపాయ."

నువ్వేమనేవాడివో మా ఇద్దరికీ తెలుసు. "టెస్టింగుకు పోతాండేదే ఇంజన్ సప్పుడు ఇనేదానికి. చెవులు మూసుకుంటే ఏంది ఇనపడేది?" పెద్ద మెకానిక్‌వి కదా, నీ మాటకు ఎదురేముంది! నేనూ నమ్మాను. నిన్నటిదాకా నేనూ పెట్టుకోలేదు.

జమ్మలమడుగు దాకా మెల్లగా తోలాను. పులివెందుల రోడ్డెక్కాక ఎనభై దాటించాను. పికప్ బాగుంది, బ్రేకు బాగుంది. నువ్వుంటే నన్ను దింపేసి నువ్వే తోలేవాడివి.

ముద్దనూరు దాటాక నీ తల తగిలిన కల్వర్టు వచ్చింది. నేను ఆగలేదు, దానివైపు చూడనూ లేదు. సరిగ్గా అప్పుడే చైన్ కవరుకు గీసుకుంటున్న చప్పుడు మొదలైంది. శ్రద్ధగా వింటే తప్ప తెలియనంత సన్నటి చప్పుడు.

హెల్మెట్ తలకు బిగించే ఉంది. స్పష్టంగా వినిపించింది.