మాట్లాడుతూ పరిగెత్తమన్నారు

అక్కా,

ఈ ఉదయం ఆరింటికి మొదలుపెట్టి అరగంటసేపు ఎక్కడా ఆగకుండా పరిగెత్తాను. వేసవిలో ఆఫీసులో కళ్లు తిరిగి పడినవాణ్ణి నేనే. ఇక నువ్వు కంగారు పడకు. ఫోనులో చెబితే నీ తిట్లకే సమయం సరిపోతుందని కార్డు రాస్తున్నాను.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు, పార్కులో పరుగు నేర్పే మా కోచ్ ఒకే నియమం పెట్టాడు: పక్కవాళ్లతో కబుర్లాడగలిగేంత నిదానంగా పరిగెత్తాలి, మాట రాకపోతే నడవాలి. అందరూ జంటలుగా వస్తారు. నా పక్కన ఎవరూ లేరు కనుక, నువ్వు పక్కనే ఉన్నట్టు నీతో మాట్లాడుతూ పరిగెడుతున్నాను. ఇవాళ గేటు దగ్గర నీళ్లు తాగుతుంటే కాపలాదారు అడిగాడు.

"రోజూ ఎవరితో సార్, ఆ పోట్లాట?"

"మా అక్కతో."

"ఆవిడేమంటారు?"

"ఏమీ అనదు."

"అయితే మీరే గెలిచారు!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి మొదలైంది, అటక మీది నా ఉన్ని టోపీ పంపించు. పిల్లలకు నా ఆశీస్సులు.

ఆదివారం ఐదు కిలోమీటర్ల పరుగు. ఆరింటికి బయలుదేరుతూనే నీకు ఫోను చేస్తాను. ఎత్తి, ఆ తిట్లేవో అప్పుడు తిట్టు.

నీ తమ్ముడు