ఏమని పిలవాలి?

బాన్సువాడ,
1938 జూలై

నా మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచే అక్కయ్యకు,

క్షేమంగా చేరాం. రైల్లో, బండిలో భ్రమర నా చెయ్యి వదల్లేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ళమ్మ పోయిన ఈ ఏడాదీ నీ దగ్గర కూడా అలాగే ఉందని తెలుసు. నీ షరతు మరిచిపోలేదు. దసరాలోపు పిల్ల నలుగురిలో కలిసి నోరు విప్పాలి, లేకపోతే బావగారు వచ్చి బాపట్ల తీసుకుపోతారు. ఒప్పుకునే వచ్చాను. కానీ నాకు మిగిలింది అదొక్కతే అక్కయ్యా. దాన్ని పంపించి ఈ ఊళ్ళో ఎలా ఉండాలో నాకు తోచడం లేదు.

కాలువ కింద భూములు కొన్న మనవైపు వాళ్ళు చెబితేనే ఈ ఉద్యోగం వచ్చింది గానీ, బడి మాత్రం ఊరివాళ్ళు పెట్టుకున్నది. పాత వడ్ల కొట్టు. పిచ్చుకలు ఇంకా గింజలున్నాయనే నమ్మకంతో ఎక్కం మధ్యలో వచ్చి వెతుక్కుంటాయి. గంగమణి గారని ఒక రైతు ఇంటావిడ తన ముందుగది మాకు కిరాయికి ఇచ్చింది.

పిల్లల్ని చూస్తే నాకు భలే వింతగా ఉంది. రైతుల పిల్లలు, కూలివాళ్ళ పిల్లలు, తండా నుంచి నడిచి వచ్చే లంబాడా పిల్లలు. ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు! మామా, అత్తా, బావా, పెద్దవ్వా. వీళ్ళకు ఈ చుట్టరికాలన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? నిన్న రాజేశ్వర్ అనే పెద్ద కుర్రాడు లెక్క తప్పాడు. సరిగ్గా చెప్పిన పోసవ్వను లేపి వాడి చెవి మెలిపెట్టమన్నాను. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మామ చెవు నేనెట్ల పట్టుకోవాలె పంతులూ? మా అవ్వ తంతది."

నాకు ఒళ్ళు మండింది. బడిలో మామలూ బావలూ లేరు, అందరూ సమానం, పేర్లతోనే పిలుచుకోవాలి అని గట్టిగా చెప్పేశాను. ఇక క్రమశిక్షణ దానంతటదే వస్తుంది చూడు.

నీ తమ్ముడు,
శోభనాద్రి


బాన్సువాడ,
1938 ఆగస్టు

అక్కయ్యా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఎదురుగా కూర్చుని తిడుతున్నట్టే ఉంది, ప్రాణం లేచి వచ్చింది.

బడి నిశ్శబ్దంగా ఉంది. నేను కోరుకున్నది అదే కదా? ఇప్పుడు అదే నాకు అర్థం కావడం లేదు. పలక కావాలంటే పక్కవాడి చొక్కా లాగుతారు. దూరంగా ఉన్నవాడి మీదికి చింతగింజ విసురుతారు. నోటితో మాత్రం పిలవరు. పేర్లు తెలియక కాదు, హాజరు వేసేటప్పుడు రోజూ వింటూనే ఉన్నారు. మరి ఏమిటి వీళ్ళకు వచ్చిన రోగం? గోడ అవతల నిలబడి విన్నాను. గేటు దాటగానే మళ్ళీ మామా బావా అని గోల గోల. నన్ను చూడగానే నోళ్ళు మూతపడ్డాయి.

భ్రమరను చాప మధ్యలో కూర్చోబెట్టాను. దానికి ఇటూ అటూ జానెడు చోటు ఖాళీ వదిలి సర్దుకున్నారు. దాన్ని ఎవరూ ఏమీ అనరు, దానితో ఎవరూ ఆడరు. బడి వదిలాక నా చెప్పుల పక్కన నిలబడి ఉంటుంది. బాపట్లలో అయితే అందరూ దాన్ని 'తల్లి లేని పిల్ల' అని దగ్గరికి తీసుకునేవారు. ఆ మాట వినిపించకూడదనే దాన్ని ఇంత దూరం తెచ్చాను, ఈ సంగతి నీకు చెప్పలేదు. ఇక్కడ ఆ మాట కూడా అనే దిక్కు లేకుండా చేశాను.

నువ్వే గెలిచావు. బావగారిని పంపించు.

శోభనాద్రి


బాన్సువాడ,
1938 సెప్టెంబర్

కోపం తెచ్చుకోనని ముందే ఒట్టు పెట్టుకోవలసిన అక్కయ్యకు,

నీకొక పోటీ అక్క వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను, విని నవ్వు.

చలిజ్వరం పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. ఆ మగతలో "అక్కా, అక్కా" అని పిలిచానట. నిజం చెబుతున్నాను, నేను పిలిచింది నిన్నే. గంగమణి గారు పలికింది. చేతిలో గట్క అనే జొన్నజావ గిన్నెతో వచ్చి నా తల పట్టుకుని, "ఇన్ని దినాలకు నోరొచ్చిందా తమ్మీ? గారు గారని నన్ను గడప అవతలనే నిలబెడితివి. తాగు, ఫికర్ జెయ్యకు" అంది. పొరపాటు పడ్డావమ్మా అని ఎలా చెప్పను? తాగాను. భ్రమర ఆ పూట ఆవిడ పక్కనే నిద్రపోయింది.

జ్వరం తగ్గి బడికి వెళితే అక్కడ సంత! రాజేశ్వర్ నాకు ఎదురొచ్చి "పంతులు మామా, మంచిగున్నవా?" అన్నాడు. మామ ఏమిట్రా అన్నాను. గంగమణి వాడికి పెద్దమ్మ అట. పెద్దమ్మ తమ్ముడు మామ కాక ఇంకేమవుతాడు?

"మరి ఇన్నాళ్ళూ భ్రమరతో ఎందుకు మాట్లాడలేదు?" అని అడిగాను. పోసవ్వ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"గా పిల్ల మాకేమైతదో ఎర్కలేకపాయె. వరస తెల్వనిదే ఎట్ల పిల్వాలె? మీరేమో పేరు వెట్టి పిల్వుమంటిరి. పంతులు బిడ్డను పేరు వెట్టి పిలుస్తె ఇజ్జత్ ఉంటదా?"

అదీ సంగతి అక్కయ్యా! గౌరవించి దూరంగా ఉన్నారు. సమానం చేస్తానని బయల్దేరి, ఉన్న తాళ్ళన్నీ నేనే తెంపాను. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. నా ఆజ్ఞను అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను.

తరవాత పాఠం సాగితే ఒట్టు. భ్రమర ఎవరికి ఏమవుతుందని పెద్ద పంచాయితీ. రాజేశ్వర్‌కు మరదలు, అది విని మూతి ముడిచింది. మామ మరదలు కాబట్టి పోసవ్వకు అత్త. తండా నుంచి భద్రు అని ఆరేళ్ళవాడు వస్తాడు, ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. వాళ్ళమ్మ హీరాబాయి గంగమణి పొలంలో పనిచేస్తూ ఆవిణ్ణి అత్తా అంటుంది. భ్రమరకూ గంగమణి మేనత్తే కదా. అంటే హీరాబాయి, భ్రమర అక్కచెల్లెళ్ళు. పోసవ్వ వేళ్ళు మడిచి తేల్చేసింది: "అరే భద్రూ, గీమె నీకు చిన్నవ్వ."

చిన్నవ్వ అంటే ఇక్కడ తల్లి చెల్లెలు, పిన్ని. వాడు నేరుగా వచ్చి భ్రమర ముందు ముఖం ఎత్తి నిలబడ్డాడు. అది కాసేపు వాడిని చూసింది. పరికిణీ అంచు పట్టుకుని ముక్కు తుడిచింది.

బావగారు బయల్దేరే ఉంటారు. రానీ. తేల్చవలసింది భ్రమరే.

నీ ఒక్కగానొక్క తమ్ముడు (గంగమణి ఒప్పుకుంటే),
శోభనాద్రి


బాన్సువాడ,
1938 సెప్టెంబర్ చివర

అక్కయ్యా,

ఈ ఉత్తరం బావగారి చేతికే ఇస్తున్నాను. ఆయన ఒక్కరే వస్తున్నారు, కంగారు పడకు.

బండి దిగి సరాసరి బడికే వచ్చారు. నేను హాజరు పట్టీలో తల దూర్చాను. మాట్లాడితే బతిమాలేవాణ్ణి. ఆయన గుమ్మంలో ఉండగానే "గీయన మనకేమైతడు?" అని గుసగుసలు మొదలయ్యాయి. ఆయన భ్రమరను దగ్గరికి పిలిచి, "పోదామా తల్లీ? అత్తయ్య నీ కోసం ఎదురుచూస్తోంది" అన్నారు. అది తల అడ్డంగా ఊపింది. పిల్లల వైపు వెళ్ళి భద్రును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"వీడి ముక్కు ఎవరు తుడుస్తారు మామయ్యా? వీడు మా అక్క కొడుకు. అంటే నాకూ కొడుకే."

ఏడాది తరవాత దాని నోట అన్ని మాటలు ఒక్కసారి విన్నాను. గోడవైపు తిరిగి బల్ల మీద ఏదో వెతుకుతున్నట్టు నటించాను. బావగారు, "మరి మీ అత్తయ్యకు ఏమని చెప్పమంటావు?" అన్నారు.

అది ఆలోచించింది. భద్రు వైపొకసారి, ఆయన వైపొకసారి చూసి లెక్క కట్టింది.

"అత్తయ్యకు మనవడు పుట్టాడని చెప్పు."

నీ తమ్ముడు,
శోభనాద్రి