ఎనిమిదో జోన్

భిలాయ్, సెక్టర్ 4
ఆదివారం

సతీష్ అన్నయ్యకి,

అమ్మ మోకాళ్ళు తప్ప ఇక్కడ మిగతా అంతా క్షేమం. పూణేలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. అమ్మకి పంపిన మందుల పొట్లంలో నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. చదివి చింపెయ్యమన్నావు. చింపలేదు. ఫోన్లో నీ గొంతు వింటే మెత్తబడిపోతాను, అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను.

బలరాం చెయ్యి ఎలా ఉందని అడిగావు. మణికట్టు దాకా కాలింది, కట్టు ఇంకా విప్పలేదు. అలారం మోగినా పట్టించుకోలేదని, హథ్‌ఖోజ్‌లో మా కార్ఖానా సేఠ్ అతన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ మాట సేఠ్‌కి ఎక్కించింది నువ్వే. "నాను ఫర్నేస్ కాడే ఉన్నాను దీదీ, అలారం మోగనేదు. ఇరవై ఏళ్ళబట్టి సేస్తన్నాను, నాకు తెల్దేటి?" అని బలరాం మొత్తుకుంటూనే ఉన్నాడు.

ఆ అలారం ప్రోగ్రాం నువ్వు రాసిందే. ఫర్నేస్‌లోని ఎనిమిది జోన్ల వేడినీ వరసగా చూసి, హద్దు దాటితే మోగాలి. జోన్లని ఒక్కొక్కటిగా చూసే లూప్‌లో నువ్వు 1..8 అని రాశావు. ఆ భాషలో అలా రాస్తే ఏడుతో ఆగిపోతుంది. ఎనిమిదినీ చూడాలంటే 1..=8 అని రాయాలి. కంపైల్ చేసినప్పుడు కంప్యూటర్ ఒక్క తప్పూ చూపలేదు, దానికేం తెలుసు మన ఫర్నేస్ సంగతి. బలరాం చెయ్యి కాలింది ఎనిమిదో జోన్ దగ్గరే.

నా దగ్గరున్న ఆ ప్రోగ్రాం పాత కాపీ తుడిచేశావా అని కూడా అడిగావు. తుడుద్దామనే తెరిచాను. అందులో లేని ఆ = గుర్తు, ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రాంలో ప్రమాదం జరిగిన మర్నాడే చేర్చి ఉంది. చేర్చినట్టు రికార్డులో ఉన్నది నా పేరు. నా పాస్‌వర్డ్ నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పూట నేను ఆస్పత్రిలో బలరాం భార్య చిన్నమ్మలు పక్కన కూర్చుని ఉన్నాను. ఎంత తేలిగ్గా చేశావన్నయ్యా. అడిగి ఉంటే, తప్పు దిద్ది దాచానన్న ఆ నింద నేనే నెత్తిన వేసుకునేదాన్నేమో. అది తలచుకుంటే ఒళ్ళు మండుతోంది.

నిన్నటి దాకా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ప్రోగ్రాం మొదలుపెట్టిన రోజే తెర మీద ఏడు జోన్లే కనిపించాయి. అడిగితే, "కంప్యూటర్ సున్నా నుంచే లెక్కెడతాదే పిచ్చీ" అని నవ్వావు. తెర మీద సున్నా లేదు, ఒకటి నుంచి ఏడు దాకానే ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. షిఫ్ట్ దిగే ముందు బలరాం ఒక్కో జోన్‌నీ కడ్డీతో తట్టి, ఎనిమిది అని పైకి అంటేగాని కదలడు. రోజూ అది వింటూ కూడా నేను ఏడుతో సరిపెట్టుకున్నాను, చెప్పింది నువ్వు గనక.

నిన్న పాత కాపీ, నీ ఉత్తరం రెండూ సేఠ్ ముందు పెట్టాను. నేను చూసి ఊరుకున్న సంగతీ చెప్పాను. బలరాం పని పోకుండా నిలబడింది. నా పని సంగతి రేపు తెలుస్తుంది. సేఠ్ నీకు ఫోన్ చేస్తాడు, ఎత్తు. అమ్మకి నేనేమీ చెప్పలేదు, అది నువ్వే చెప్పుకోవాలి.

ఆ రికార్డులో నా పేరు నువ్వు పెట్టావు. ఇక్కడ మాత్రం నేనే పెడుతున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు
రజనీకుమారి