గోడ అడుగున వేసిన గడ్డి

బోధన్,
సోమవారం

అక్కకు,

తమ్ముడు సామ్యేలు వందనాలు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? దేవుని దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. తింటున్నాను. జొన్నరొట్టె అలవాటైంది. చలికి పొద్దున వేళ్ళు వంగవు, అంతే. దిగులు పడకు. పని కాగానే బాపట్ల వచ్చేసి మీ ఇంట్లోనే ఉండిపొమ్మని రాశావు. దానికి జవాబు చివర రాస్తాను.

బి.ఏ. చదివి గోడలకు రంగులు పూస్తావా అని నాన్న తిట్టేవారు, గుర్తుందా? ఈ నెలంతా ఆయనే గుర్తొస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా చర్చిలకు బొమ్మలు వేస్తున్నాను; ఇంత విసుగు ఎప్పుడూ రాలేదు. చెరుకు ఆడటం మొదలైంది. ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి ఊరంతా మసి రాలుతోంది. యేసు బాప్తిస్మం బొమ్మలో ఆకాశం రంగు ఆరకముందే ఆ మసి అంటుకుంటోంది. రోజూ కోడి ఈకతో ఏరుతున్నాను.

అది చాలదన్నట్టు సంఘపెద్ద యాకోబు వచ్చి నిలబడతాడు. “సారూ, ఆ ఒడ్డుకు చెరుకు పెట్టరాదుండ్రి? మా కష్టం గూడ ప్రభువు సూడాలె గద!”

యొర్దాను ఒడ్డున చెరుకు ఉండదన్నాను.

“మీరు పోయి సూసిండ్రా?”

నేను మాత్రం ఎక్కడ చూశాను? ఓ మూల నాలుగు గడలు వేశాను.

గురువారం రంగుల్లో కలిపే అవిసెనూనె కోసం నిజామాబాద్ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బొమ్మ అడుగున మూరెడు ఎత్తు తెల్లగా ఉంది. దాని కింద ఎర్రమన్ను కలిపి పూసిన జాజు అంచు. క్రిస్మస్ ముందు ఆడవాళ్ళు కలిసి చర్చికి సున్నం కొట్టడం ఇక్కడి ఆనవాయితీ. బొమ్మనూ వదల్లేదు.

“పండుగొచ్చింది, సున్నం ఏయకుంటే ఎట్ల సారూ?” అంది వాళ్ళలో పెద్దదైన సాలమ్మ. “కింద గడ్డే గదా. ప్రభువు కాళ్ళకు సుక్క తాకనియ్యలే.”

ఆ గడ్డి నేను వేసింది కాదక్కా. జూన్‌లో, నిచ్చెన ఎక్కే ఓపిక లేక, నీ మరదలు చర్చిలో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో పీట మీద కూర్చుని వేసింది. ఒక్కొక్క పరక. గుబురుగా వేయమంటే వినలేదు. ఆగస్టులో ఆమె పోయాక ఆ మూరెడు జోలికి నేను వెళ్ళలేదు.

ఆ సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం కోపంలో అనేశాను: “అది మా ఆవిడ వేసింది.”

సాలమ్మ కొంగు నడుముకు చెక్కుకుని నీళ్ళ బిందె తెచ్చింది. “ముందుగాల చెప్పొద్దా సారూ! పట్టుండ్రి గుడ్డ.”

నూనె రంగు మీద సున్నం గట్టిగా పట్టదు. రెండు రోజులు అందరం తడిగుడ్డలతో తుడిచాం. గడ్డి చాలావరకు బయటపడింది. ఎడమ మూల బెత్తెడు మేర జాజు పోలేదు. గట్టిగా రుద్దితే కింది రంగూ వస్తోంది.

“మల్ల ఏయుండ్రి సారూ, ఎవలికి తెలుస్తది?” అంది సాలమ్మ.

పచ్చరంగు కలిపాను. వేయలేదు.

ఇక జవాబు. పండుగయ్యాక వచ్చి పది రోజులుంటాను. ఆ తర్వాత ఇక్కడికే. కోప్పడకు. వీళ్ళు ఏటా సున్నం కొడతారు. ఇకమీదట గుర్తుంచుకుంటానని సాలమ్మ అంటోంది. నాకు నమ్మకం లేదు. సున్నం కొట్టే ఆ వారం నేను గోడ దగ్గర ఉండాలి.

బావగారి పాత పంచె ఒకటి తీసి ఉంచు. ఇక్కడ మెత్తటి గుడ్డ దొరకడం లేదు.

బావగారికీ మీ అత్తగారికీ నా వందనాలు. నన్ను ప్రార్థనలో తలుచుకో.

నీ తమ్ముడు
సామ్యేలు