అరవకుండా ఒక నెల

మార్చి 1, 2004, సోమవారం

ఉదయం 9.30. కుక్క వచ్చింది.

ఎందుకు తెచ్చుకున్నానో ముందే రాసిపెడతాను. రేపు ఎవరూ వంకర అర్థాలు తీయకూడదు. 1994లో నా పదవీ విరమణ సభలో సైన్సు మాస్టరు ప్రసన్నకుమార్ మైకు పట్టుకుని, "మన హెడ్మాస్టరు తోమాగారి దగ్గర కుక్క కూడా నిలవదు" అన్నాడు. మూడు వందల మంది నవ్వారు. పాస్టరుగారు అందరికంటే ఆలస్యంగా నవ్వు ఆపారు. పదేళ్ళయింది. ప్రసన్నకుమార్ ఇప్పుడు మా ఎదురింట్లోనే ఉంటున్నాడు. నా జవాబు తెచ్చి వరండాలో దింపాను.

జవాబు వయసు పదకొండేళ్ళు. ఇటుకపొడి రంగు. ఒక చెవి సగం లేదు. ఒక మిరపకాయల వ్యాపారి యార్డులో కాపలా కాసిందట. ఆయన యార్డు మూసేసి పోతూ దీన్ని గేటు బయట వదిలాడు. పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన జయకుమారి ఇలాంటివాటిని చేరదీస్తుంది. ఆమె షరతు ఒకటే.

"నెల రోజులు అరవకండి మాస్టారూ. ఇది గొంతుకు భయపడుద్ది. నెలాఖరుకి మీ దగ్గర కుదురుకుంటే మీదే. లేదంటే తీసుకుపోతా."

"నేనెక్కడ అరుస్తానమ్మా?"

ఎదురింటి వరండాలో ప్రసన్నకుమార్ దగ్గాడు.

నిర్ణయాలు:
1. నెల రోజులు అరవను. ఎవరి మీదా.
2. కుక్క వరండా దాటి లోపలికి రాదు.
3. ముద్దుమాటలు ఉండవు.
4. ముప్పయ్యో రోజున ప్రసన్నకుమార్ ఎదుట కుక్కను పిలుస్తాను. అది వస్తుంది. అతనికి టీ ఇవ్వను.

పేరు: శార్దూలం.

మార్చి 2, మంగళవారం

6.00. శార్దూలం వరండాలో మంచం కింద ఉంది. రాత్రి నుంచీ అక్కడే.

6.10. పేపరు చెంచయ్య పేపరును పూలకుండీలోకి విసిరాడు. "రేపటి నుంచి కాస్త ఇటు వెయ్యి చెంచయ్యా" అన్నాను. అతను సైకిలు ఆపాడు. "ఒంట్లో బాగోలేదా సార్?"

8.00. పాలన్నం పెట్టాను. నేను లోపలికి వెళ్ళాక తింది.

అరుపులు: సున్నా. కోపాన్ని జయించడం గురించి అంతమంది అన్ని గ్రంథాలు ఎందుకు రాశారో అర్థం కాలేదు. ఇంత తేలిక పని.

మార్చి 4, గురువారం

గ్రంథాలయానికి వెళ్ళాను. కుక్కల పెంపకం మీద ఒక్క పుస్తకం లేదు. కోళ్ళ పెంపకం మీద నాలుగున్నాయి. తినగలిగినదాని గురించే చదువుతుంది ఈ ఊరు. ఈ సంగతి గ్రంథపాలకుడికి మెల్లగా, చాలా మెల్లగా, ఇరవై నిమిషాలు చెప్పాను.

అరుపులు: సున్నా. శార్దూలం: మంచం కింద.

మార్చి 7, ఆదివారం

సాత్వికులు ధన్యులని పాస్టరుగారు నలభై నిమిషాలు బోధించారు. ఒకే మాట మూడుసార్లు తప్పు పలికారు. మూడుసార్లూ కూర్చున్నచోటు నుంచే సవరించాను. మూడోసారి కాస్త గట్టిగా. చర్చి మా ఇంటికి రెండు ఫర్లాంగుల దూరం, కుక్కకు వినబడదు. కనుక లెక్కలోకి రాదు.

అరుపులు: సున్నా.

మార్చి 11, గురువారం

11.05. ఎన్నికల ప్రచారం ఆటో నాలుగు మైకులతో మా గేటు ముందు ఆగింది. తీసెయ్యమని చెప్పాను. నాలుగు మైకులను మించి వినబడాలంటే గొంతు ఎత్తక తప్పదు. ఇది భౌతికశాస్త్రం, కోపం కాదు. సైన్సు చెప్పినవాడు ఈ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. గోడ మీదుగా తల పెట్టి, "ఆటో పోయి పది నిమిషాలైందండీ" అన్నాడు ప్రసన్నకుమార్.

శార్దూలం రెండు పూటలా తినలేదు.

అరుపులు: ఒకటి. పొడవాటిది.

మార్చి 15, సోమవారం

ఉత్తమ ఉపాధ్యాయుడిగా నాకు కప్పిన శాలువా మడత పెట్టి శార్దూలానికి పరిచాను. వాసన చూసి పక్కకు తప్పుకుంది. బియ్యం తెచ్చిన ఖాళీ గోతం ఈడ్చుకుని దాని మీద పడుకుంది. ఆ శాలువా విలువ మీద నాకూ ఎప్పటినుంచో అనుమానమే.

వరండాలో దోమలు ఎక్కువగా ఉన్నాయి. గోతాన్ని ముందు గదిలోకి మార్చాను. ఇది తాత్కాలికం.

పేరు పెట్టి పదకొండుసార్లు పిలిచాను. చెవి కదిలింది. సగం లేని చెవి.

అరుపులు: మూడు. గ్యాసు పొయ్యి మీద, కరెంటు మీద, కనబడని కళ్ళజోడు మీద. మొదటి నిర్ణయానికి సవరణ: ప్రాణం లేనివాటి మీద అరిస్తే లెక్కలోకి రాదు.

మార్చి 19, శుక్రవారం

ఏటి కారానికి మిరపకాయలు తెచ్చాను. ఆరు కేజీలు. మా ఆవిడ ప్రేమమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఒక్కడికి రెండు కేజీలు చాలు. అయినా కొట్లో నిలబడితే నా నోటికి ఆరే వస్తుంది.

వాకిట్లో గోనెపట్టా పరిచి పోశాను. ఘాటుకు నాలుగు తుమ్ములు తుమ్మి తలెత్తేసరికి శార్దూలం పట్టా అంచున కూర్చుని ఉంది. వీపు నిటారుగా. చూపు గేటు మీద. పద్దెనిమిది రోజులుగా దాక్కున్న కుక్క ఇవాళ ఉద్యోగంలో చేరింది.

సాయంత్రం 5.30. మంచు పడకముందే కాయలు ఎత్తబోయాను. గుర్రుమంది. నా మీద.

మార్చి 20, శనివారం

ఉదయమంతా పరిశోధన. ఇంకో గుప్పెడు కాయలు పోస్తే తోక ఊపుతుంది. పైన పట్టా కప్పినా ఊరుకుంటుంది. ఒక్క కాయ తీస్తే పళ్ళు చూపిస్తుంది. ఏమనుకున్నావు నన్ను, అని అరిచాను. కదల్లేదు. మిరపకాయల పక్కనున్నంతసేపూ దానికి నా గొంతంటే లెక్క లేదు.

జయకుమారికి ఫోను చేశాను. కడుపునిండా నవ్వింది.

"యార్డులో దాని పనే అది మాస్టారూ. రైతులు వస్తారు, పోస్తారు. ఎవరు పోసినా ఏమనదు. ఎత్తేవాళ్ళనే రానివ్వదు."

"అవి నా కాయలమ్మా."

"ఆ సంగతి దానికి తెలియాలిగా."

మార్చి 22, సోమవారం

కారం డబ్బా అడుగు కనబడి మూడు రోజులైంది. మిరియాలతో నెట్టుకొస్తున్నాను. వినుకొండలో, మార్చి నెలలో, ఆరు కేజీల మిరపకాయలు వాకిట్లో పెట్టుకుని.

అరుపులు: రాయను.

మార్చి 24, బుధవారం

మధ్యాహ్నం 3.40. కొండ వెనక నుంచి మబ్బు, వెంటనే గాలి, వెంటనే చినుకులు. ప్లాస్టిక్ పట్టా తెచ్చి కాయల మీద కప్పాను. ఒక మూల పట్టుకుంటే మూడు మూలలు లేస్తున్నాయి. శార్దూలం పట్టా కిందికి దూరి కాయల పక్కనే కూర్చుంది. లోపలికి రమ్మని అరిచాను. రాలేదు.

గేటు తోసుకుని ప్రసన్నకుమార్ వచ్చాడు. లుంగీ ఎగగట్టి అవతలి రెండు మూలల మధ్య బైఠాయించాడు. నేను పిలవలేదు. పిలవనక్కర్లేదు కూడా. మిరపకాయల మీద వాన పడుతుంటే పగవాడైనా పట్టా పట్టాలి. ఈ ప్రాంతంలో ఎవరూ తప్పని ధర్మం అదొక్కటే.

అలా ఎదురెదురుగా, మధ్యలో కుక్కను పెట్టుకుని, నలభై నిమిషాలు తడిశాం.

"మబ్బు చూసి ముందే ఎత్తుకోవాల్సిందండీ" అన్నాడు.

"కుక్క ఎత్తనివ్వడం లేదు."

నవ్వాడు.

"నవ్వకు. ఆ రోజు మూడు వందల మందిని నవ్వించావు. నా దగ్గర కుక్క కూడా నిలవదన్నావు."

"అన్నానండీ."

అనలేదని బుకాయిస్తాడని, దానికి పదేళ్ళుగా ఏడు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

"నా పెళ్ళికి మూడు రోజులు సెలవడిగితే ఒక్క పూట ఇచ్చారు మీరు" అన్నాడు. "పొద్దున చర్చిలో తాళి కట్టి, మధ్యాహ్నం వచ్చి ఏడో తరగతికి అయస్కాంతాలు చెప్పాను. మెడలో దండ మరక అట్లాగే ఉంది. మా ఆవిడ జెస్సీ నేను పక్కన లేకుండానే మా అమ్మతో బస్సెక్కి అత్తారింటికి పోయింది. ఇప్పటికీ అంటుందండీ."

"నాకు గుర్తు లేదు."

"మీకెందుకు గుర్తుంటుంది? ఆ మూల గట్టిగా పట్టుకోండి."

వాన ఆగాక టీ ఇచ్చాను. తడిసిన మనిషి. నాలుగో నిర్ణయం పోయింది.

మార్చి 25, గురువారం

కాయలు ఒక పక్క తడిశాయి. మళ్ళీ ఎండుతున్నాయి. కాపలా కొనసాగుతోంది.

పాత డైరీలు తీశాను. ఎవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో తేదీతో సహా అన్నీ ఉన్నాయి. 1981, నవంబరు 12: "ప్రసన్నకుమార్ సెలవు అడిగాడు. ఒక పూట మంజూరు. రాత్రి పప్పులో ఉప్పు ఎక్కువైంది."

ఉప్పు గురించి ఇంకా మూడు వాక్యాలున్నాయి.

మార్చి 27, శనివారం

జయకుమారి మంగళవారం వస్తుంది. అరుపులు ఇరవై ఆరు దాకా లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. ఉదయం నేను "నా తల్లే, ఒక్క ముద్ద తినవే" అన్నానని ప్రసన్నకుమార్ ప్రచారం చేస్తున్నాడు. అన్నాను.

ఇది వెళ్ళిపోతే ఎదురింటికి ఏం జవాబు చెప్పాలా అన్నది ఇప్పుడు నా బాధ కాదు. ముందు గదిలో గోతం ఖాళీగా ఉంటుంది. దాన్ని తీసేయాలి. ఎవరు తీస్తారు?

మార్చి 30, మంగళవారం

10.00. జయకుమారి వచ్చింది. చేతిసంచిలో తాడు కనబడుతోంది. ప్రసన్నకుమార్ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. ఇద్దరికీ టీ.

"ఏదీ, పిలవండి మాస్టారూ."

పిలిచాను. శార్దూలం కాయల పక్క నుంచి లేవలేదు. మళ్ళీ పిలిచాను. చెవి కదిలింది, అంతే.

"ఎన్నిసార్లు అరిచారు?"

"ఎక్కడండీ, మాస్టారికి దగ్గు ఎక్కువ" అన్నాడు ప్రసన్నకుమార్. పదేళ్ళ పగవాడు నా కోసం అబద్ధమాడాడు. నాకే సిగ్గేసి నిజం చెప్పాను. ఇరవై ఆరు, ఆ పైన తెలియదు.

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. తాడు బయటకు తీసింది.

వచ్చిన ఆడమనిషిని వట్టి చేతులతో పంపడం బాగుండదు. చేట తెచ్చి కాయల ముందు గొంతుక్కూర్చున్నాను. అలవాటుగా దాని పళ్ళ కోసం చూశాను. కనబడలేదు. ఒక దోసిలి ఎత్తాను. ఇంకో దోసిలి. శార్దూలం లేచింది. వచ్చి నా మోకాలికి ఆనుకుని, గేటు వైపు తిరిగి కూర్చుంది.

జయకుమారి చేట అందుకోవడానికి చెయ్యి చాపింది. గుర్రుమంది. ఆమె మీద.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "యార్డులో ఉన్నన్నాళ్ళూ ఒక్క యజమానినే ఎత్తనిచ్చింది మాస్టారూ" అంది. తాడు చుట్టి సంచిలో పెట్టేసింది. "ఇంకో నెల చూస్తా. షరతు అదే."

ఆమె కాయలు గేటు దాకా నేనే మోయాల్సి వచ్చింది. శార్దూలం నాతో పాటు నడిచింది.

మార్చి 31, బుధవారం

నిర్ణయం ఒక్కటే: నెల రోజులు అరవను. సవరణలు లేవు.

6.10. చెంచయ్య పేపరు పూలకుండీలోకి విసిరాడు. అరవలేదు.

6.11. శార్దూలం గేటు దాకా ఉరికి మొరిగింది. ఈ ఇంట్లో మొదటిసారి. చెంచయ్య సైకిలు వదిలేసి ఎదురింటి గోడెక్కాడు.

6.12. నెల నుంచి చెబుతున్నాను, బుద్ధుందా నీకు, అని నేనూ అందుకున్నాను. నా గొంతు విని శార్దూలం మంచం కిందికి పోలేదు. ఒకసారి నా వైపు చూసి, ఇంకా గట్టిగా మొరిగింది.

6.20. ఇద్దరం అలసిపోయి వరండాలో కూర్చున్నాం. ఎదురింట్లో నవ్వు ఇంకా ఆగలేదు.

అసలు నెల మధ్యలోనో చివర్లోనో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. ఒకటో తేదీ నుంచి అయితే సుఖం. రేపు ఏప్రిల్ ఒకటి. రేపటి నుంచి అరవను.