పెట్టిన కాడ్నే కూసునే బిడ్డ

జులై 2, బుధవారం

కంగ్టి బస్టాండు. బండి ఆగింది. డ్రైవర్ చాయ్‌కి పోయాడు. టికెట్ మిషన్ ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను.

పొద్దున ట్రిప్పులో ఒక పిల్ల. రెండేళ్లు కూడా ఉండవు. సీట్ల మధ్య రాడ్ పట్టుకుని గిర్రున తిరుగుతోంది, పడుతోంది, లేస్తోంది, మళ్లీ తిరుగుతోంది. వాళ్లమ్మ — "కూసో పోరీ, పండ్లు రాలుతయ్!" కండక్టర్‌ని, నేనూ కోప్పడాలి. నోరు రాలేదు.

మా అమ్ములుకు మూడేళ్లు నిండాయి. గడప దాటాలంటే కింద కూర్చుని, ఒక కాలు అవతల పెట్టి, జరుగుతుంది. దిగులుగా ఉంది. ఎవరికి చెప్పను.

జులై 5, శనివారం

వాడకట్టంతా మెచ్చుకుంటుంది. "నీ బిడ్డ మస్తు బుద్ధిమంతురాలే, పెట్టిన కాడ్నే కూసుంటది." నేనూ మురిసేదాన్ని.

కూర్చోక ఏం చేస్తుంది? నడుముకు అత్తమ్మ పాత చీర కొంగు. రెండో కొస మంచం కోడుకు. నేను పొద్దున డ్యూటీకి పోగానే అత్తమ్మ కట్టే ముడి, అన్నం తినేటప్పుడు ఒకసారి, నేను వచ్చాక ఒకసారి విప్పడం.

ఎందుకు కట్టడమని ఇవాళ అడిగాను. అత్తమ్మ మోకాళ్లు నిమురుకుంటూ — "తలుపు తీస్తే రోడ్డు. సిర్గాపూర్ ఆటోలన్నీ గీడికెల్లే ఉరుకుతయ్. పోరి బయటికి పోతే నేను ఉరకాల్నా? నా మోకాళ్ల సంగతి నీకెరుకనే గద." ఎరుకే. తప్పు పట్టడానికి ఏం లేదు. అదే కష్టం.

ఆమెకు తెలిసింది అదే మరి. కూలికి పోయిన చోటల్లా పిల్లల్ని గట్టు మీద చెట్టుకు కట్టేసి కలుపు తీసిన మనిషి. "నీ మొగన్ని గూడ కట్టేసే పెంచిన. ఏమైంది వానికి? మంచిగ లేడా?" ఏమీ కాలేదు, నిజమే. నవ్వాను. ఆయన్ని కట్టింది కలుపు తీసినంతసేపే. తక్కిన పొద్దంతా చేన్లూ వాగులూ ఆయనవే.

జులై 8, మంగళవారం

పక్కింటి ఫర్జానా కూతురు సానియా మా అమ్ములు కంటే వారం చిన్నది. గోడెక్కుతుంది, గోడ మీంచే మాట్లాడుతుంది, ఉర్దూలో తిట్టి తెలుగులో బుజ్జగిస్తుంది.

సాయంత్రం బంతి విసిరింది. "పట్టుకోవే అమ్ములూ, పట్టుకో!" నా బిడ్డ చేతులు లేవలేదు. బంతి వచ్చి రొమ్ముకు తగిలి కింద పడింది. దొర్లుతూ పోతుంటే చూసింది. తర్వాత నా వైపు చూసింది.

బంతి తేవాలని తెలియదా… తేవచ్చని తెలియదా…

జులై 10, గురువారం — ఆఫ్

దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చాలాసేపే చూసింది. నడిపించింది. "దుంకమ్మా" అంది — అమ్ములుకు దుంకడమంటే ఏమిటో తెలియదు. ఆమే లేచి నిలబడి, చెప్పులు విడిచి, దుంకి చూపించింది. అమ్ములు నవ్వింది. అంతే. గ్లాసు ఇచ్చి బల్ల కింద పెట్టమంటే బల్ల మీద పెట్టింది.

"ఎముకలు మంచిగున్నయ్. నరాలు మంచిగున్నయ్. రోగం లేదు. ఆడనియ్యండి."

"మందు?"

"ఆటనే మందు."

ఎక్కాలట, దిగాలట, ఉరకాలట, పడాలట. అప్పుడే కాళ్లకు, చేతులకు బలం. అంతే కాదు — మెదడుకు కూడా అదే బడి అంది. మంచం కిందికి దూరిన పిల్లకే కింద అంటే తెలుస్తుంది, దూరంగా ఉన్నదాన్ని పోయి తెచ్చుకున్న పిల్లకే దూరం తెలుస్తుంది, మాటలకూ అది తోడు. "ఇంకా చిన్నదే, ఆలస్యం కాలేదు. ఇప్పట్నుంచన్న ఆడనియ్యండి."

ఒక టానిక్ రాసిస్తే ఎంత బాగుండేది! పొద్దునో మూత, సాయంత్రం ఓ మూత తాగించి డ్యూటీకి పోయేదాన్ని. ఆటను ఏ సీసాలో పోసి ఇంట్లో పెట్టి పోను?

జులై 11, శుక్రవారం

అత్తమ్మకు చెప్పాను. "ఆడుకునుడు గూడ డాక్టరే జెప్పాల్నా? ఏం కాలమొచ్చెనే!" అంది. మళ్లీ తనే, మెల్లగా — "నన్నే అంటున్నవా బిడ్డా?"

కాదు అన్నాను. అవును అని ఎట్లా అనను.

ఆయనకు ఫోన్ చేశాను. పట్నంలో మేస్త్రీ పని, వెనక సిమెంటు మిషన్ చప్పుడు. ఉద్యోగం మానెయ్యి అనడు. మానకు అనడు. అంగన్‌వాడీకి పంపుదామంటే — పొద్దున దించేదెవరు, మధ్యాహ్నం తెచ్చేదెవరు? అన్నిటికీ ఒకటే మాట, "సూడు మరి." ఏం చూడాలి నేను? నా తలకాయ చూడాలి.

జులై 17, గురువారం — ఆఫ్

మార్కెట్ వెనక రోడ్డు పనికి ఇసుక పోశారు. అమ్ములును తీసుకుపోయి కుప్ప ముందు దించాను. నిలబడింది. నా కొంగు వదలదు. నేనే చెప్పులిడిసి ఎక్కాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని జారాను.

అప్పుడు వంగింది. రెండు చేతులు ఇసుకలో పెట్టింది. మోకాళ్లు, చేతులు, గడ్డం — అన్నిటితో పాకింది. సగం దాకా పోయి జర్రున జారి బోర్లా పడింది. నోట్లో ఇసుక. ఏడుస్తుందని ఉరికాను.

"మల్ల!" అంది.

మళ్లీ ఎక్కింది. మళ్లీ జారింది. "మల్ల! మల్ల!" ఆ మాట ఇంతకు ముందు ఎప్పుడూ అనలేదు. ఎవరు నేర్పారు? ఇసుకే నేర్పింది.

రోజూ నా బస్సెక్కే ముసలాయన అటుగా పోతూ — "గదేంది కండక్టరమ్మా, చిన్నపోరివైనవా?"

అయ్యాను తాతా. బంగారం లాంటి పొద్దు ఇవాళ.

జులై 18, శుక్రవారం

మళ్లీ డ్యూటీ. మళ్లీ ముడి. వారానికి ఒక్క రోజు ఆడితే సరిపోతుందా? డాక్టరమ్మను అడగలేదు. అడగాలంటే భయం.

జులై 22, మంగళవారం

నమ్మలేకపోతున్నాను. నిన్నటి నుంచి అత్తమ్మ తానే ముడి విప్పుతోందట! తలుపుకు గొళ్లెం పెట్టి, బొంతలన్నీ కింద పరిచి, పిల్లను వదిలేస్తోంది. నేను విప్పమనలేదు కూడా. ఫర్జానా చెప్పింది.

"ఏంది అత్తమ్మా, నిజమేనా?"

"ఎగురుతుందే నీ బిడ్డ మంచం మీద! నా నడుమిరుగుతుంది దాన్ని దించలేక. 'కింద దా' అంటే వచ్చి మంచం కింద దూరింది, బయటికి రానంటది." తిడుతున్నట్టే చెప్పింది. మొహం నిండా నవ్వు.

ఈ మనిషితోనా నేను ఇన్నాళ్లు లోపల లోపల కొట్లాడింది! కాళ్లు మొక్కాలనిపించింది. చాయ్ పెట్టి ఇచ్చాను.

జులై 26, శనివారం

సిర్గాపూర్‌లో ఉండగా ఫోన్. ఫర్జానా. రొప్పుతోంది.

పాలు తీసుకుని అత్తమ్మ గొళ్లెం మరిచిందట. అమ్ములు గడప దాటి ఉరికిందట, రోడ్డు మీదికి. వెనకే అత్తమ్మ. ఆటో వాడు బ్రేకు కొట్టాడు, పిల్లకు గీత కూడా పడలేదు. అత్తమ్మ గడప దగ్గరే పడిందట, చెయ్యి…

"ఉరికిందా?" అన్నాను. "అమ్ములు ఉరికిందా? ఎట్ల ఉరికింది?"

ఫర్జానా గొంతు పెంచింది. "అరే అక్కా… అత్త చెయ్యి ఇరిగింది అంటున్న."

చేతిలో చిల్లర సంచి అట్లాగే ఉంది. బస్సు నిండా జనం. నా బిడ్డ ఉరికింది. నాకు ఏడుపొస్తోంది, దేనికి ఏడుస్తున్నానో తెలియడం లేదు. ఛీ, ఏం మనిషిని.

జులై 27, ఆదివారం

కుడి చెయ్యి. మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. మోకాలు కుండలా వాచింది. అత్తమ్మ ఒకటే మాట — "ఆటో ఆగకపోతే? బిడ్డా, ఆగకపోతే?" నిద్రలో కూడా అదే.

ఆయన వచ్చాడు. అమ్మ పక్కన కూర్చున్నాడు, పిల్లను ఎత్తుకున్నాడు, సాయంత్రం బస్సుకు పోయాడు. "సూడు మరి" అని కూడా అనలేదు ఈసారి. అన్నా బాగుండేది.

జులై 28, సోమవారం

రెండు రోజుల లీవు ఇవాళ్టితో అయిపోయింది. డిపోలో ఇంకా అడిగాను. ఇద్దరు కండక్టర్లు ముందే సెలవులో ఉన్నారు, కుదరదన్నారు. వాళ్లదీ తప్పు లేదు. ఫర్జానాను అడిగాను. "అన్నం నేను పెడ్త అక్కా. కని పొద్దంతా సూడమంటే… నాకు గూడ ముగ్గురున్నరు, దాని మీద బట్టల మిషన్ కుట్టాలె. అది రోడ్డు మీదికి పోతే నేను జవాబ్ చెప్పలేను."

ఎవరిదీ తప్పు లేదు. ఎవరి దగ్గరా దారి లేదు.

జులై 29, మంగళవారం

పొద్దున చీర తీసింది నేనే.

అత్తమ్మ మంచం మీదే ఉంది, గోడ వైపు తిరిగి. "ఒక్క చెయ్యితోని నాతోని కాదు బిడ్డా" అంది. కట్టమని అనలేదు. వద్దనీ అనలేదు.

ముందు కోడుకు కట్టాను. వీలైనంత పొడుగు వదిలాను. పక్కన సానియా బంతి పెట్టాను. తర్వాత పిల్లను పిలిచాను. ఏడిస్తే ఆగిపోయేదాన్నేమో. పారిపోతే పట్టుకునేదాన్ని కాదేమో.

వచ్చింది. నా ముందు నిలబడింది. చీర నడుము చుట్టూ తిప్పడానికి నాకు వీలుగా, రెండు చేతులు పైకెత్తింది.

జులై 30, బుధవారం

ఇవాళ కూడా కట్టే వచ్చాను.

రేపు నాకు ఆఫ్. ఎల్లుండి…