నల్లగండ్ల చెల్క గురించి నా ఆఖరి మాట

శేరిలింగంపల్లి మండలం నల్లగండ్లలో కాపురముంటున్న మద్దిరాల పుణ్యవతి అనే నేను, కీర్తిశేషులు సాల్మన్ గారి భార్యను, వయసు డెబ్బై రెండు, నేలల సర్వే విభాగంలో పనిచేసి రిటైరైన దానను, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్ళు అరిగాయి గానీ బుర్ర అరగలేదు. అనుమానం ఉన్నవాళ్ళు గుప్పెడు మట్టి తెచ్చి నా ముందు పెట్టండి, అది మిట్ట మీదిదో పల్లంలోదో చెబుతాను.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు, ఇకమీద రాసే ఓపికా లేదు, కాబట్టి ఇదే చెల్లుతుంది. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఎదురు ఫ్లాటులో ఉండే అడ్వకేటు సంయుక్తకు అప్పగిస్తున్నాను. ఇందులో సగం మాటలు చట్టానికి అక్కర్లేదని ఆ పిల్ల అంటోంది. చట్టానికి అక్కర్లేకపోతే పోనీ, నా పిల్లలకు కావాలి.

1. ఆస్తి వివరం. నేను కాపురముంటున్న ఫ్లాటు, దాని పక్కనే ఉన్న రెండు వందల గజాల ఖాళీ స్థలం, ఈ రెండూ నా స్వార్జితం. స్థలానికి హద్దులు: తూర్పున మా అపార్టుమెంటు గోడ, పడమట రోడ్డు, ఉత్తరాన ఐదంతస్తుల హాస్టలు, దక్షిణాన మరో అపార్టుమెంటు. దస్తావేజుల్లో ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను. కింది హద్దు, గులాబీ రంగు గ్రానైటు రాయి. పై హద్దు, ఆకాశం. ఈ రెండు హద్దుల మధ్య ఉన్నదాని పేరు చెల్క.

చెల్క అంటే ఎర్ర నేల. ఆ రాయే ఎండకు పగిలి, వానకు నాని, పొరలు పొరలుగా రాలి ఈ మట్టి అయింది. రాతిలోని ఇనుము తుప్పు పట్టి దీనికి ఈ రంగు ఇచ్చింది. పైన జానెడు లోతు వరకు గరగరలాడే ఇసుక మట్టి. దాని కింద ముదురు ఎరుపు, కాస్త జిగురు. ఇంకా కింద మొరం, అంటే సగం రాయి సగం మట్టి. ఆ కింద బండ. ఇక్కడి వాన నాలుగు నెలల చుట్టం. దంచి కొట్టి వెళ్ళిపోతుంది. చెల్క ఆ నీళ్ళను పట్టి ఉంచుకోదు, తాగినంత తాగి మిగతాది పల్లానికి వదిలేస్తుంది. అలా కొట్టుకుపోయిన మెత్తటి మట్టి చెరువు దగ్గర చేరి, సున్నపు గులకలతో కలిసి నల్ల రేగడి అవుతుంది. మిట్ట మీద ఎరుపు, పల్లంలో నలుపు. ఈ ఊళ్ళో ఎక్కడ నిలబడినా నేల రంగు చూసి చెరువు ఎటువైపో చెప్పొచ్చు. చెరువు పోయినా సరే.

చెల్కకు లోపాలు లేవని నేను అనను. సారం తక్కువ. ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. కానీ రేగడిలా వానకు ఉబ్బి, ఎండకు నోరు తెరిచి ఇళ్ళను బీటలు వారనివ్వదు. మీరు లిఫ్టుల్లో ఎక్కిదిగే అద్దాల మేడలన్నీ దీని కిందున్న మొరం మీదా, బండ మీదా నిలబడినవే. ఇవన్నీ లేవకముందు, సీతాఫలం పొదలూ తంగేడూ తప్ప ఇంకేమీ లేని రోజుల్లో, ఈ మిట్టల మీద గోతులు తవ్వించి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని వాటిలోకి దిగి, పొర పొరా పరీక్షించి మ్యాపు గీసిన వాళ్ళలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇది గర్వమే. దాచుకోను.

మన భాషలో మట్టికున్న మర్యాద చూడండి. ఒకరి బతుకు చెడగొడితే నోట్లో మట్టి కొట్టాడంటారు. తెలివి లేకపోతే మట్టిబుర్ర అంటారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మట్టి వల్లనే అన్నం తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వీధిలో సిమెంటు పడకుండా మిగిలిన చెల్క నా స్థలమొక్కటే. నా కొడుకు కిరణ్ పాల్ ఒక బిల్డరుతో మాట్లాడి, ఒప్పందం కాగితం తెచ్చి నా భోజనాల బల్ల మీద పెట్టాడు. కింద రెండు సెల్లార్లు, పైన ఐదంతస్తులు. సెల్లారంటే బండ దాకా తవ్వకం. తవ్విన మట్టిని టిప్పర్లలో ఎక్కడికి తోలతారని అడిగాను. ఏదో చెరువులో పోస్తారట. ఇంతకాలం బండ అరిగి తయారైన మట్టి, ఇంకో చెరువును పూడ్చడానికి! ఒప్పుకోనన్నాను. వాడు విసుక్కుని, "మట్టి అంటే మట్టే కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ వీలునామా రాస్తున్నాను.

2. అంజమ్మకు. బోరబండలో కిరాయికుంటున్న అంజమ్మకు, ఆమె జీవించి ఉన్నంతకాలం పై స్థలంలో విత్తుకునే, కోసుకునే హక్కు రాసి ఇస్తున్నాను. అంతవరకు అక్కడ ఏ యంత్రమూ దిగరాదు, ఏ పునాదీ తీయరాదు. అమ్మే హక్కు ఆమెకు లేదు. ఆమె అడగనూ లేదు.

అంజమ్మ ఎవరో నా పిల్లలకు తెలుసు, తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. ఈ స్థలం కొన్న కొత్తలో, నా సొంత నేలను నేనే పరీక్షించుకుందామని చిన్న గొయ్యి తవ్వుతుంటే, రోడ్డు మీద పోతున్న ఒకావిడ ఆగి, "ఏం తవ్వుతున్నవమ్మా? గది మా నాయిన చెల్క" అంది. లేఅవుటు కాకముందు ఈ వరస స్థలాలన్నీ వాళ్ళవేనట. చెల్క అనే మాట నా రిపోర్టుల్లో లెక్కలేనన్ని సార్లు రాశాను. దానికొక నాయిన ఉంటాడని మాత్రం ఆరోజే తట్టింది.

అప్పటినుంచి ప్రతి మృగశిరకూ ఆమె లోకల్ రైలెక్కి వస్తుంది. ఇద్దరం కలిసి జొన్నా, కందీ, బొబ్బర్లూ వేస్తాం. ఎరువు విషయంలో కొట్టుకుంటాం. మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లలు కంకుల పక్కన ఫొటోలు దిగుతుంటే, "ఫొటోలెందుకు బిడ్డా, జర గా పిట్టల్ని కొట్టు" అని పని చెబుతుంది. ఈ హక్కు రాస్తున్నానని చెబితే నవ్వింది. "ఏంది పుణ్యమ్మా, మన్నుకు గూడ కాయితమా? నువ్వు పోయినంక నేనొక్కదాన్నే గీడ ఏం జేస్త?" అంది. విత్తమన్నాను. "ఇగ నువ్వు ముందుగాల పోకు, గదే సాలు" అంది. అది నా చేతిలో లేదు అంజమ్మా. నా చేతిలో ఉన్నది రాశాను.

3. తమ్ముడు సైమన్‌కు. మా తమ్ముడు గుంటూరు జిల్లా రేగడిలో పుట్టినందుకు తనేదో బంగారు గనిలో పుట్టినట్టు మాట్లాడతాడు. నేనూ అక్కడే పుట్టాను, నాకా పొగరు లేదు. స్థలం కొన్నానని ఫోను చేస్తే, "నల్లగండ్లా? పేరులోనే నల్ల ఉంది కదక్కా, రేగడి అయ్యుంటుంది, కళ్ళుమూసుకుని కొనెయ్" అన్నాడు. వచ్చి చూసి మొహం వేలాడేశాడు. "ఛీ, ఈ ఎర్రమట్టిలో ఏం పండుద్ది?" అని, నేను ఊళ్ళో లేనప్పుడు ఎక్కడినుంచో లారీడు రేగడి తోలించి ప్రహరీ గోడ వెనకాల నింపాడు. నాకు బహుమానమట! మొదటి వానకు అది ఉబ్బింది, ఎండకు చీలింది, రెండో వానకు గోడ రోడ్డు మీదికి వంగింది. ఈనాటికీ తప్పు మేస్త్రీదే అంటాడు. పాపం ఆ మేస్త్రీ!

కాబట్టి ఆ వంకర గోడనూ, దాని వెనకాల ఉన్న రేగడినీ సైమన్‌కు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. తన ఖర్చుతో పట్టుకుపోవలెను. దానితోపాటు నా బీరువాలో పై అరలో ఉన్న పౌడరు డబ్బా కూడా అతనిదే. అందులో ఉన్నది మా నాన్న పొలం రేగడి. ఉద్యోగంలో చేరేముందు తెచ్చుకున్నాను. దాన్ని ఎప్పుడూ పరీక్షించలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఒరేయ్ సైమనూ, రేగడి అంటే నాకు చిన్నచూపు లేదురా. గోడ వెనకాల పొయ్యొద్దన్నాను, అంతే.

4. కూతురు కెజియాకు. నా ఫ్లాటు కెజియాకు దానవిక్రయాది సర్వాధికారాలతో చెందుతుంది. కిరణ్‌కు మణికొండలో ఫ్లాటుంది, వాడేమీ అనుకోడు, అనుకున్నా కెజియాకే. నేలల రంగులు పోల్చి చూసుకునే నా రంగుల పుస్తకం కూడా ఆమెదే. చిన్నప్పుడు అందులో తన పెదవుల రంగు ఏ పేజీలో ఉందో వెతుక్కునేది. నర్సు ఉద్యోగంలో చేరాక డ్యూటీ దిగి నేరుగా వచ్చి తెల్ల యూనిఫాంతోనే కంది కోసింది. ఆ ఎర్రమట్టి మరకలు ఏ సబ్బుకూ పోలేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, నా బంగారం.

5. నా సమాధి. మా ఆచారం ప్రకారం పెట్టెను దించాక ఒక్కొక్కరూ మూడు గుప్పిళ్ళ మట్టి వేస్తారు. సాల్మన్ గారిని దించినప్పుడు అక్కడున్నది మట్టి కాదు, కూలగొట్టిన ఇళ్ళ చెత్త. గుప్పిట్లోకి టైల్సు ముక్కలు వచ్చాయి. మీ అందరి కళ్ళముందూ నేను వెయ్యలేక చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయనంటే ప్రేమ లేక అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడైనా తెలుసుకోండి. నా పెట్టె మీద పడేది నా స్థలంలోని చెల్కే అయి ఉండాలి. బస్తాడు తీసుకెళ్ళి సగం ఆయన మీద, సగం నా మీద వెయ్యండి. మొదటి గుప్పెడు అంజమ్మది. అది ఆమె నాయిన చెల్క.

6. కొడుకు కిరణ్ పాల్‌కు. అంజమ్మ తదనంతరం పై స్థలం కిరణ్‌కూ కెజియాకూ సమానంగా చెందుతుంది. ఇల్లు కట్టుకోవద్దని నేను శాసించను, మనుషులు ఎక్కడో ఒకచోట ఉండాలి. కానీ పై రెండు పొరలూ ముందుగా విడిగా ఎత్తి, మొక్కలు పెంచే చోటికే చేర్చాలి. చెరువులో పొయ్యరాదు. ఇది మొదటి షరతు.

రెండో షరతు కిరణ్‌కు ఒక్కడికే. సంయుక్త ఎదుట, నా చేతిరుమాలు కళ్ళకు కట్టుకుని, రెండు గిన్నెల్లోని తడిమట్టిని చేత్తో పట్టి, చెల్క ఏదో రేగడి ఏదో చెప్పవలెను. సరిగ్గా చెబితే స్థలం విషయంలో వాడి మాట కెజియా మాటతో సమానం. తప్పితే కెజియా మాటే ఆఖరు.

ఓడిపోతే ఎలా అని సంయుక్త అడిగింది. ఓడిపోడు. బడి లేని రోజుల్లో వాడు నా పక్కన కూర్చుని తడిమట్టిని అరచేతుల మధ్య తాడులా పేనేవాడు. రేగడి అయితే వంచి గాజు చేసి నా చేతికి తొడిగేవాడు. చెల్క మాత్రం గాజు కాదు, అరచేతిలోనే విరిగిపోయేది. విరిగినప్పుడల్లా, "అమ్మా, ఇది ఎవరి మాటా వినదు" అనేవాడు. అలాంటి పిల్లాడు మట్టి అంటే మట్టే అంటే నేను నమ్ముతానా? నోరు మరిచిపోయి ఉండొచ్చు, చేతులు మరిచిపోవు. అవి నా చేతులు.

పైవన్నీ చదివి వినిపించగా విని, సరే అని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. పక్కన ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేశాను, చదువు రాక కాదు. సంయుక్త తెచ్చిన సిరా ప్యాడు పక్కన పెట్టి, నిన్నటి వానకు తడిసిన చెల్కలో వేలు ముంచి వేశాను. కిరణ్, కళ్ళకు రుమాలు కట్టుకునే ముందు ఆ ముద్ర మీద ఒకసారి వేలు పెట్టి చూడు. గరగరలాడుతుంది. కాపీ కొట్టడానికి అమ్మగా అనుమతిస్తున్నాను.

నల్లగండ్ల, 2025 జూన్ 9, సోమవారం

(సం.) మద్దిరాల పుణ్యవతి
ఎడమ బొటనవేలి ముద్ర: చెల్కతో

సాక్షులు:
(సం.) బాలు, మా అపార్టుమెంటు కింద మందుల షాపు, నల్లగండ్ల
(సం.) ఉమాశ్రీ, ఉత్తరం హద్దు హాస్టలు వార్డెను, నల్లగండ్ల